క్లీన్ అంటే ఎంతవరకు? బిల్డ్ టూల్స్ రాసేవారికి నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

బిల్డ్ టూల్స్ రాసే, నిర్వహించే ఇంజినీర్లకు, ముఖ్యంగా ఆ పనిలో ఉన్న మన తెలుగువారికి,

నమస్కారం. మీరు ఉచితంగా ఇచ్చిన పనిముట్లతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఆ కృతజ్ఞతతోనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను నెల్లూరులో ఇద్దరు కుర్రాళ్లతో కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేస్తుంటాను. రైస్ మిల్లుల లెక్కలు, రొయ్యల గుంటల లెక్కలు మా పని. ఆదివారాలు ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ప్రాజెక్టులు ఎలా చేసుకోవాలో చెబుతాను. మేము వాడే బిల్డ్ టూలులో క్లీన్ కమాండు వల్ల మాకు జరిగిన నష్టం గురించి దాని నిర్వాహకులకు రెండుసార్లు రాశాను. మొదటిసారి 'అది అలా పనిచేయడానికే రాశాం' అని ఒక్క వాక్యం వచ్చింది. రెండోసారి ఏమీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఆ టూలు పేరు మాత్రం రాయను. ఇదే అలవాటు మరికొన్ని టూల్స్‌లోనూ ఉంది, ఒక్కరిని నిలబెట్టి అడగడం న్యాయం కాదు.

ఈ రంగంలో లేనివారు కూడా చదువుతారు కాబట్టి రెండు మాటలు. మనం రాసిన ప్రోగ్రామును ఫోనులోనో కంప్యూటర్లోనో నడిచే రూపంలోకి మార్చేది బిల్డ్ టూలు. ఆ పనిలో అది బోలెడన్ని మధ్యంతర ఫైళ్లు తయారు చేస్తుంది, నెట్ నుంచి లైబ్రరీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడు, తెచ్చుకుంటుంది. ఒక్కోసారి పాత ఫైళ్లు కొత్తవాటితో కలిసిపోయి తిక్క తిక్క ఎర్రర్లు వస్తాయి. అప్పుడు ఎవరైనా చెప్పే మొదటి సలహా 'ఒకసారి క్లీన్ చేసి చూడు'. ఆ కమాండు కొడితే పాతవి తుడిచిపెట్టి మళ్లీ మొదటినుంచి కట్టుకోవచ్చు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ 'పాతవి' అన్న మాటలో ఏమేం వస్తాయన్నదే ఎవరూ సరిగ్గా చెప్పరు.

నా మాట ఒక్కటే. టూలు తన చేత్తో తయారు చేసినదాన్ని, అదే మెషీన్ మీద నెట్ లేకుండా మళ్లీ తయారు చేయగలిగినదాన్ని మాత్రమే మామూలు క్లీన్ తుడవాలి. మనిషి పెట్టినది, నెట్ నుంచి తెచ్చినది ముట్టుకోకూడదు. వాటిని తీసేయాలంటే వేరే కమాండు ఉండాలి, వేరే పేరు ఉండాలి, అడిగి తీసేయాలి.

ఇది పాటించకపోవడం వల్ల మా దగ్గర మనుషులకు ఏం జరిగిందో వరసగా చెబుతాను.

1. రొయ్యల రైతుల లెక్కలు.

విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రైతులకు మేమొక యాప్ చేసి ఇచ్చాం. ఏ గుంటలో ఎప్పుడు సీడ్ వేశారు, రోజుకు ఎన్ని కేజీల మేత పడింది, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు) ఎంతకు వచ్చింది, అన్నీ అందులో రాసుకుంటారు. గుంటల దగ్గర సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి లెక్కలన్నీ ఫోనులోనే ఉండేలా కట్టాం. యాప్‌ను ప్లే స్టోర్లో పెట్టలేదు. నలభై మందికి పైగా రైతులకు ఫైలు నేరుగా పంపించి ఎక్కించాం.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ మీద తయారు చేసినవాడి డిజిటల్ సంతకం ఉంటుంది. కొత్త వెర్షన్ పాతదాని మీద ఎక్కాలంటే రెండిటి మీదా ఒకే సంతకం ఉండాలి. ఆ సంతకం చేసే కీ ఒక చిన్న ఫైలు. ప్లే స్టోర్ ద్వారా ఇచ్చేవాళ్లకు, సంతకం కీని గూగుల్ దగ్గరే ఉంచుకునే ఏర్పాటు పెట్టుకుని ఉంటే, అప్‌లోడ్ కీ పోయినా మార్పించుకునే దారి ఉంది. మాలా నేరుగా ఫైలు పంపుకునేవాళ్లకు ఆ దారి లేదు. కీ పోతే ఆ యాప్‌కు ఇక కొత్త వెర్షన్ లేదు.

మా కుర్రాడు ఆ కీని, తయారైన యాప్ ఫైలు వచ్చే ఫోల్డర్లోనే పక్కన పెట్టుకున్నాడు. రోజూ అక్కడే పని కదా, చేతికి అందుబాటులో ఉంటుందని. అది అక్కడ పెట్టడం తప్పే. దానికి ఇంకో కాపీ తీసి పెట్టకపోవడం నా తప్పు. ఆ రెండూ ఒప్పుకుంటున్నాను. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. టూలును కొత్త వెర్షన్‌కు మార్చాం. బిల్డ్ ఆగిపోయి ఎర్రర్ వచ్చింది. ఆ ఎర్రర్ కిందే టూలు సలహా ఇచ్చింది: క్లీన్ చేసి మళ్లీ ప్రయత్నించండి అని. కుర్రాడు టూలు చెప్పిన మాట విన్నాడు. ఒక్క సెకనులో ఆ ఫోల్డరు మొత్తం పోయింది, కీతో సహా. ఒక ప్రశ్న అడగలేదు, ఒక పేరు చూపించలేదు. రెండేళ్లుగా అక్కడున్న ఆ ఫైలును టూలు ఏనాడూ తయారు చేయలేదు, చదవలేదు. అది తనది కాదని తెలుసుకునే అవకాశం టూలుకు ఉంది. తెలుసుకునే ప్రయత్నమే లేదు.

పాత యాప్‌లో లెక్కలు బయటికి తీసే సౌకర్యం లేదు. ఆ సౌకర్యం పెడదామంటే కొత్త వెర్షన్ ఎక్కదు. పాతది తీసేసి కొత్తది వేస్తే ఫోనులోని లెక్కలు పోతాయి. కొత్త పేరుతో ఇంకో యాప్ కట్టి, పక్కపక్కన రెండూ పెట్టి, మేము ముగ్గురం బండ్ల మీద ఊరూరూ తిరిగి, పాత తెర మీద చూస్తూ కొత్తదాంట్లోకి అంకెలు చేత్తో ఎక్కించాం. పదకొండు రోజులు పట్టింది. మేము వెళ్లేలోపే ఒక రైతు ఫోనును ఆయన కొడుకు బాగుచేద్దామనుకుని, 'అప్‌డేట్ ఎక్కడం లేదు' అని పాత యాప్ తీసేసి కొత్తది వేశాడు. ఆయన మేత అంతా షాపులో అప్పు మీద తెస్తాడు. ఎన్ని బస్తాలు వచ్చాయో ఆయన దగ్గరున్న లెక్క ఆ ఫోనులోదే. 'ఏందబ్బాయా, నా లెక్కలు యాడికి పోయినాయి?' అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక, షాపువాళ్ల పుస్తకంలో ఎంత ఉందో అంతా కట్టాడు. ఆ పుస్తకం తప్పని నేననను. సరిచూసుకునే హక్కు ఆయనకు లేకుండా పోయిందని అంటున్నాను.

2. కాలేజీ ల్యాబులు.

మా జిల్లాలోనూ పక్కన ప్రకాశంలోనూ చాలా ల్యాబుల్లో ప్రతి కంప్యూటరుకూ నెట్ ఉండదు. ఒకచోట లైబ్రరీలు దించి, పెన్‌డ్రైవ్ మీద మోసుకెళ్లి ఒక్కో సిస్టమ్‌లో ఎక్కిస్తారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు చదివే ఒక ల్యాబులో ఈ పని చేసేది ల్యాబ్ అసిస్టెంట్. ముప్పై సిస్టమ్‌లకు ఎక్కించేసరికి ఆయనకు ఒక పూట పడుతుంది. కొత్త వెర్షన్ టూలులో క్లీన్ కొడితే ప్రాజెక్టు ఫోల్డర్లో ఉన్న ఆ లైబ్రరీలు కూడా పోతున్నాయి. మొదటి పీరియడ్‌లో ఎవరికో ఎర్రర్ వచ్చింది, క్లీన్ కొట్టారు. రెండో పీరియడ్‌లో ఆ సిస్టమ్ దగ్గర కూర్చున్న పిల్లకు బిల్డ్ కాదు. ఎందుకు కావడం లేదో ఆ పిల్లకు తెలియదు. తనకే ప్రోగ్రామింగ్ రాదేమోనని అనుకుంటుంది. డేటా పోయినదానికన్నా నాకు బాధ కలిగించేది అదే.

3. రోజుకు ఒకటిన్నర జీబీ.

హాస్టల్లో ఉండే పిల్లల్లో ఎక్కువమందికి నెట్ అంటే ఫోను ప్యాకే. రోజుకు ఒకటిన్నర జీబీ, కొందరికి రెండు. కావలి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ప్రాజెక్టు వైవాకు ముందు రాత్రి క్లీన్ కొట్టింది. లైబ్రరీలు మళ్లీ దిగడం మొదలై, సగంలో డేటా అయిపోయింది. రాత్రి పన్నెండు దాటి కొత్త రోజు డేటా వచ్చేదాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫైబర్ లైను ఉన్న ఆఫీసులో ఇదే పని నాలుగు నిమిషాలు. మీరు పరీక్షించేది ఆ లైను మీద, మేము బతికేది ఈ ప్యాక్ మీద.

4. తుఫాను రోజులు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు మా నెల్లూరు మీద వానలు ఎలా కురిశాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పుడు కరెంటు లేదు, నెట్ లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నంతసేపు మేము పనిచేయగలిగామంటే లైబ్రరీలన్నీ డిస్కులో ఉండబట్టే. అప్పటి పాత వెర్షన్ క్లీన్ వాటిని ముట్టుకునేది కాదు. ఏటా ఈశాన్య రుతుపవనాల కాలంలో మాకిది మామూలే. గాదెలో ధాన్యం ఉంటే వానాకాలం గడుస్తుంది. ఇల్లు ఊడవమంటే గాదె కూడా ఊడ్చేసే మనిషిని ఎవరూ పనిలో పెట్టుకోరు.

5. కరెంటు మధ్యలో పోతే. క్లీన్ సగం తుడిచాక మెషీన్ ఆగిపోతే, మిగిలిన సగాన్ని చూసి టూలు అంతా బాగానే ఉందనుకుని దాని మీదే కట్టేస్తుంది. ఇది మాకు రెండుసార్లు జరిగింది.

ఇప్పుడు మీ వైపు వాదన. నేను దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. 'క్లీన్ అంటే ప్రాజెక్టు అప్పుడే తెచ్చుకున్నంత కొత్తగా ఉండాలి. ఏదైనా మిగిలిందంటే దాన్ని నమ్మలేం' అంటారు. నిజమే. తక్కువ తుడిచినా కష్టమే. సోర్సు ఫైలు తీసేశాక దాని నుంచి పుట్టిన పాత ఫైలు మిగిలిపోయి, లేని కోడు నడుస్తూ ఉండటం నేను చూశాను. మా పిల్లలు దానితో రెండు రోజులు కుస్తీ పట్టారు. క్లీన్ పూర్తిగా తుడవదని ఒకసారి తెలిస్తే జనం ఇక దాన్ని వాడరు, చేత్తో ఫోల్డర్లకు ఫోల్డర్లు డిలీట్ చేస్తారు. అది ఇంకా ప్రమాదం. డిస్కు ఖాళీ చేసుకోవడానికి క్లీన్ వాడేవాళ్లు కూడా ఉన్నారు, చిన్న డిస్కు ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి నాలుగైదు జీబీ అంటే చిన్న విషయం కాదు.

అయితే ఇవన్నీ వేర్వేరు అవసరాలు. ఒకటి, పాత మురికి పోవాలి. రెండు, డిస్కు ఖాళీ కావాలి. మూడు, అంతా మొదటికి రావాలి. మూడు పనులకు ఒకే కమాండు పెట్టి, మూడిట్లో అన్నిటికన్నా కఠినమైనదాన్ని మామూలు పనిగా చేయడం దగ్గరే చిక్కు వచ్చింది.

ఈ సంగతి మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే టూలు రాశారు, బిల్డ్ టూల్స్‌కు అదే పునాది. తర్వాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే గ్నూ ప్రాజెక్టు తన కోడింగ్ ప్రమాణాల్లో ఈ తుడిచే పనిని మెట్లుగా విడదీసి రాసింది. 'క్లీన్' అంటే మామూలుగా బిల్డ్ చేస్తే పుట్టే ఫైళ్లు పోతాయి, కానీ ఈ మెషీన్‌కు తగ్గట్టు చేసుకున్న కాన్ఫిగరేషన్ (అమరికలు) ఉంటుంది. 'డిస్ట్‌క్లీన్' అంటే అదీ పోయి, ప్యాకేజీ విప్పినప్పుడు ఏముందో అదే మిగులుతుంది. 'మోస్ట్లీక్లీన్' అంటే క్లీన్ కన్నా తక్కువ, మళ్లీ కంపైల్ చేయడానికి (కోడును మెషీన్ భాషలోకి మార్చడానికి) చాలాసేపు పట్టేవాటిని ఉంచుతుంది. 'మెయింటెయినర్-క్లీన్' అన్నిటికన్నా పైమెట్టు. అది నడిచే ముందు, ఇది నిర్వాహకుల కోసం ఉద్దేశించినది, మళ్లీ కట్టడానికి ప్రత్యేక టూల్స్ కావాల్సిన ఫైళ్లు కూడా దీనితో పోతాయి అని హెచ్చరిక చూపించాలని రాశారు.

అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. అంత కఠినమైన మెయింటెయినర్-క్లీన్ కూడా 'కాన్ఫిగర్' అనే ఫైలును తుడవకూడదు, దాన్ని మళ్లీ తయారు చేసే పద్ధతి మేక్‌ఫైలులో (మేక్‌కు సూచనలు రాసే ఫైలులో) ఉన్నా సరే. ఎందుకంటే మళ్లీ కట్టడం మొదలుపెట్టాలంటే ముందు అదే కావాలి. నిచ్చెన ఎక్కేవాడి కింద నిచ్చెన తీసేయకూడదని ఆ రాసినవాళ్లు ఆలోచించారు. నెట్ లేని ల్యాబులో లైబ్రరీలు అలాంటి నిచ్చెనే. మేము అడుగుతున్నది కొత్త సంగతి కాదు. మీ వృత్తిలో మీ ముందువాళ్లు రాసిపెట్టిన సంగతే.

ఇప్పుడున్న టూల్స్‌లోనూ మంచి పద్ధతులు ఉన్నాయి. మావెన్ అనే బిల్డ్ టూలులో క్లీన్ కొడితే ప్రాజెక్టులోని టార్గెట్ ఫోల్డరు పోతుంది, హోం ఫోల్డర్లో దాచిన లైబ్రరీలు ఉంటాయి. గ్రేడిల్ అనే టూలు కూడా బిల్డ్ ఫోల్డరునే తీస్తుంది, దించుకున్నవాటి జోలికి పోదు. గో భాషలో దించుకున్న మాడ్యూళ్లు పోవాలంటే క్లీన్‌కు తోడు 'మోడ్‌క్యాష్' అని ప్రత్యేకంగా రాయాలి. బాజెల్ అనే టూలులో మామూలు క్లీన్ వేరు, 'ఎక్స్‌పంజ్' జతచేస్తే బయటినుంచి తెచ్చినవి కూడా పోవడం వేరు. హాస్కెల్ భాష వాళ్ల స్టాక్ టూలులో 'క్లీన్', 'పర్జ్' అని రెండు మాటలు. స్విఫ్ట్ భాష టూలులో 'క్లీన్', 'రీసెట్' అని రెండు. పేర్లు వేరైనా అందరూ ఒకే గీత గీశారు. కాబట్టి 'అది సాధ్యం కాదు' అనే మాట చెల్లదు.

ఇక మా కోరికలు. వీటిలో మొదటి రెండూ తప్పనిసరిగా కావాలి. మిగిలినవి మీ వీలును బట్టి.

1. టూలు తాను తయారు చేసిన ప్రతి ఫైలునూ ఒక జాబితాలో రాసుకోవాలి. క్లీన్ ఆ జాబితాలో ఉన్నవే తుడవాలి. అవుట్‌పుట్ ఫోల్డర్లో జాబితాలో లేని ఫైలు కనిపిస్తే దాన్ని అలాగే వదిలి, 'ఇది నేను చేసింది కాదు, అందుకే ఉంచాను' అని పేరుతో సహా చూపించాలి. మా కీ పోయిన రోజున ఈ ఒక్క వాక్యం తెర మీద వచ్చి ఉంటే పదకొండు రోజుల తిరుగుడు ఉండేది కాదు. ఆ జాబితాను అవుట్‌పుట్ ఫోల్డరు బయట పెట్టండి, అన్నీ తుడిచాక చివరగా దాన్ని తీయండి. అప్పుడు కరెంటు మధ్యలో పోయినా తర్వాతి క్లీన్ ఆగినచోటి నుంచి కొనసాగుతుంది, మా అయిదో కష్టం కూడా తీరుతుంది. జాబితా పోతే ఏం చేయాలని అడుగుతారు. అప్పుడు తుడవకండి, అడగండి. జాబితా రాస్తే బిల్డ్ నెమ్మదిస్తుందని కూడా అంటారేమో. ఏ ఫైలు మారింది, దేన్ని మళ్లీ కంపైల్ చేయాలి అని తెలుసుకోవడానికి చాలా టూల్స్ ఇప్పటికే ఇలాంటి లెక్క రాసుకుంటున్నాయి. ఉన్న లెక్కను ఇంకో పనికి కూడా వాడమంటున్నాం.

2. నెట్ నుంచి దించుకున్న ఏ వస్తువునూ మామూలు క్లీన్ ముట్టుకోకూడదు, అది ప్రాజెక్టు ఫోల్డర్లోనే ఉన్నా సరే. వాటిని తీసే కమాండుకు వేరే పేరు పెట్టండి. ఆ పేరు వినగానే ఇది పెద్ద పని అని తెలియాలి. ఎంత సైజు పోతుందో, మళ్లీ ఎంత దించుకోవాల్సి వస్తుందో ముందే చూపించి, అవునంటేనే చేయాలి. జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దించే ఎన్‌పీఎం అనే టూలు అయిదో వెర్షన్ నుంచి క్యాష్ (దించి దాచుకున్నవి) తుడవాలంటే 'ఫోర్స్' అని బలవంతంగా రాయించుకుంటోంది. ఆ మాత్రం అడ్డు మాకు చాలు.

3. తుడవకుండా ఏం తుడుస్తుందో చూపించే సౌకర్యం ఉండాలి. కోడు మార్పులు దాచే గిట్ టూలు క్లీన్‌లో, గో క్లీన్‌లో, రస్ట్ భాష టూలు కార్గో క్లీన్‌లో ఇది ఉంది. గిట్ అయితే ఫోర్స్ అని రాయకపోతే మామూలుగా తుడవనే తుడవదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను ముందు చూపించమనే నేర్పుతున్నాను, కానీ మేము వాడే టూలులో ఆ సౌకర్యమే లేదు.

4. ఫోల్డర్లో ఇంకోచోటికి లింకు ఉంటే లింకును తీయండి, అవతలి చోటికి వెళ్లి తుడవకండి. మావెన్ క్లీన్ మామూలుగా లింకుల వెంట వెళ్లదు. క్లోజర్ భాష టూలు లైనింగెన్, ప్రాజెక్టు బయట ఉన్నవాటిని తుడవమని రాసినా, కాపలా తీసేయమని స్పష్టంగా చెప్పేదాకా ఒప్పుకోదు. డిస్కు చాలక లైబ్రరీలను ఇంకో డ్రైవులో పెట్టి లింకు ఇచ్చుకునే అలవాటు మా దగ్గర చాలామందికి ఉంది.

5. ఒక్క భాగాన్నే తుడిచే వీలు. కార్గోలో ఒక ప్యాకేజీ పేరు ఇచ్చి దానికి సంబంధించినవే తీయవచ్చు. ఒక గది ఊడవడానికి ఇల్లంతా ఖాళీ చేయక్కర్లేదు.

6. ఎర్రర్ రాగానే 'క్లీన్ చేసి చూడండి' అని టూలు తానే సలహా ఇవ్వడం మానేయాలి, లేదా ఆ సలహా పక్కనే ఏం పోతుందో రాయాలి. ఈ విషయంలో బాజెల్ వాళ్ల పద్ధతి నాకు గౌరవం కలిగించింది. సరైన ఫలితం కోసం క్లీన్ చేయాల్సి వచ్చిందంటే అది టూలులోని తప్పు, మాకు చెప్పండి అని వాళ్లు తమ పత్రాల్లోనే రాసుకున్నారు. మీ టూలు ఎక్కడో లెక్క తప్పింది కాబట్టే మేము క్లీన్ కొడుతున్నాం. ఆ లెక్క సరిచేస్తే ఈ లేఖలో సగం అవసరమే ఉండేది కాదు.

7. ఒక వెర్షన్‌కూ ఇంకో వెర్షన్‌కూ మధ్య క్లీన్ తుడిచే పరిధి పెరిగితే, ఆ సంగతి మార్పుల జాబితాలో మొదటి వరుసలో రాయాలి. మాకు జరిగినదాంట్లో అది పదిహేడో వరుసలో, 'క్లీన్ ఇప్పుడు మరింత సమగ్రం' అనే నాలుగు మాటల్లో ఉంది. చదివినా అర్థమయ్యేది కాదు.

చెత్తబుట్టలా తుడిచినవాటిని కొన్నాళ్లు దాచి ఉంచమని కొందరు మిత్రులు అడగమన్నారు. నేను అడగడం లేదు. డిస్కు చాలని పిల్లలకు అది ఇంకో భారం అవుతుంది, తుడవకూడనిది తుడవకపోతే ఆ బుట్ట అక్కర్లేదు.

ఇక్కడి అధ్యాపకులకు, ల్యాబ్ ఇన్‌ఛార్జులకు కూడా ఒక మాట. ల్యాబ్ మాన్యువల్స్‌లో ప్రతి ప్రోగ్రాముకు ముందు 'క్లీన్ చేసి బిల్డ్ చేయండి' అని ఒక మంత్రంలా రాయకండి. దాంతో పిల్లలకు ఎర్రర్ చదివే అలవాటు రావడం లేదు. కీలు, పాస్‌వర్డ్ ఫైళ్లు, డేటాబేస్ కాపీలు బిల్డ్ ఫోల్డర్లో ఎప్పుడూ పెట్టవద్దని మొదటి క్లాసులోనే చెప్పండి. నేను మా కుర్రాడికి ఆ మాట చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు కొత్త యాప్ కీ రెండు పెన్‌డ్రైవుల్లో ఉంది, ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి మా ఇంట్లో.

ఆ టూల్స్ బృందాల్లో ఉన్న తెలుగువారిని ప్రత్యేకంగా అడుగుతున్నాను. మీలో చాలామంది ఇలాంటి ల్యాబుల్లోనే చదువుకుని వెళ్లారు. పెన్‌డ్రైవ్ మీద లైబ్రరీలు మోసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మీ సమావేశాల్లో క్లీన్ గురించి చర్చ వచ్చినప్పుడు, ఒంగోలులోనో ఆత్మకూరులోనో ఫోను హాట్‌స్పాట్ మీద పనిచేసే మనిషి తరఫున మాట్లాడగలిగేది మీరే. మీరు మాట్లాడకపోతే ఆ మనిషి ఉన్నాడనే సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టదు.

మొదటి కోరికలో చెప్పిన జాబితా పద్ధతికి మేము మా వాడకానికి ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాం. క్లీన్‌కు ముందు అది నడిచి, టూలు చేయని ఫైళ్లను పక్కకు తీసిపెడుతుంది. అడిగితే ఇస్తాం. మీ మార్పు సిద్ధమైతే నెట్ తీసేసి, కరెంటు మధ్యలో ఆపి, నిండిన డిస్కు మీద పరీక్షించి ఫలితాలు రాసి పంపిస్తాం. మా దగ్గర ఆ మూడు పరిస్థితులూ కావాలని కల్పించుకోవాల్సిన పని లేదు.

ఈసారి జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
రొయ్యల రైతులకు యాప్ చేసి ఇచ్చిన ముగ్గురి తరఫున,
నెల్లూరు